ప్రభుత్వంలో సమాచార సాంకేతిక సారథులు

ప్రభుత్వ శాఖలలో కంప్యూటర్లను, సమాచార వ్యవస్థలను ప్రవేశపెట్టి, వాటిని నడిపించే బాధ్యత వహించే ఉన్నతాధికారులను సమాచార సాంకేతిక సారథులు అనవచ్చును. భూమి దస్తావేజు రిజిస్ట్రేషను, రైలు టికెట్టు రిజర్వేషను, కరెంటు బిల్లు చెల్లింపు, ఆధార్ గుర్తింపు, టీకా ధ్రువపత్రం వంటి సేవలు నేడు కంప్యూటరు ద్వారా అందుతున్నాయంటే అందుకు వీరి కృషి ముఖ్య కారణం. మంత్రులు, ముఖ్యమంత్రుల పేర్లు ప్రజలకు తెలిసినంతగా వీరి పేర్లు తెలియవు. ఈ వ్యాసంలో భారతదేశంలో, ప్రత్యేకించి ఆంధ్రప్రదేశ్‌లో, ఈ బాధ్యతలు నిర్వహించిన కొందరి వృత్తి జీవితాలు, వారు ఎదుర్కొన్న ఇబ్బందులు, ఈ వృత్తిలోనికి ప్రవేశించే మార్గాలు వివరించబడినవి.

వీరి వృత్తి జీవితంలో ఒక విశేషం ఉన్నది. వీరు పదవిలో ఉండే కాలం సాధారణంగా రెండు మూడు సంవత్సరాలు మాత్రమే. వీరు నెలకొల్పే వ్యవస్థలు మాత్రం పది, ఇరవై సంవత్సరాలపాటు పనిచేయవలసి ఉంటుంది. కనుక ఒక అధికారి ఎంత పేరు పొందారన్నదానికంటె, ఆయన బదిలీ అయి వెళ్ళిన తరువాత ఆ వ్యవస్థ నిలిచినదా లేదా అన్నదే ఆయన పనికి అసలైన కొలమానం.

పదవి, పేర్లు

ప్రైవేటు సంస్థలలో ఈ బాధ్యత వహించే వ్యక్తిని చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసరు అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1996లో వచ్చిన క్లింగర్-కోహెన్ చట్టం ద్వారా కేంద్ర ప్రభుత్వపు ప్రధాన శాఖలన్నిటిలోనూ ఈ పేరుతోనే ఒక అధికారి ఉండాలని నిర్ణయించారు. భారతదేశంలో అన్ని శాఖలకూ వర్తించే అటువంటి చట్టం లేదు. ఇక్కడ ఈ బాధ్యత పలువురి మధ్య పంచబడి ఉన్నది. వారిలో ముఖ్యులు:

* కేంద్రంలోను, రాష్ట్రాలలోను సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శులు
* జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం (ఎన్.ఐ.సి.) డైరెక్టర్ జనరల్, దాని రాష్ట్ర, జిల్లా అధికారులు
* భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ వంటి ప్రత్యేక సంస్థల అధిపతులు
* కంప్యూటరీకరణ చేపట్టిన రిజిస్ట్రేషన్లు, రెవెన్యూ, ఖజానా మొదలైన శాఖల అధిపతులు

బాధ్యతలు

కంప్యూటర్లు కొనడం, సాఫ్ట్‌వేరు వ్రాయించడం ఈ అధికారుల పనిలో ఒక చిన్న భాగం మాత్రమే. అంతకంటె కష్టమైనది కార్యాలయంలో పని జరిగే పద్ధతిని మార్చడం. పాత దరఖాస్తును, పాత రిజిస్టరును ఉన్నది ఉన్నట్లుగా కంప్యూటరులోనికి ఎక్కించినంత మాత్రాన ప్రజలకు మేలు కలుగదు. ఏ సంతకం అవసరం, ఏది అనవసరం, ఏ ధ్రువపత్రాన్ని శాఖ తనంతట తానే చూసుకొనవచ్చును అన్న విషయాలు ముందుగా తేల్చుకొనవలసి ఉంటుంది.

రెండవది చట్టం. కంప్యూటరులో ఉన్న రికార్డు న్యాయస్థానంలో చెల్లకపోతే ఆ వ్యవస్థ వలన ఉపయోగం ఉండదు. భారతదేశంలో 2000 అక్టోబరు 17న అమలులోనికి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఎలక్ట్రానిక్ రికార్డులకు, డిజిటల్ సంతకాలకు గుర్తింపు ఇచ్చినది. అంతకు ముందు పనిచేసిన అధికారులు ప్రతి రాష్ట్రంలోను ఆయా చట్టాలకు విడివిడిగా సవరణలు తెచ్చుకొనవలసి వచ్చేది.

మూడవది సిబ్బంది. కొత్త పద్ధతి వలన తమ ఉద్యోగం పోతుందనో, పై ఆదాయం పోతుందనో భయపడే ఉద్యోగులు ఉంటారు. వారికి శిక్షణ ఇవ్వడం, నచ్చజెప్పడం, అవసరమైనచోట గట్టిగా నిలబడడం సారథి పనిలో భాగమే. నాలుగవది భద్రత. కోట్లాది మంది వివరాలు ఒకచోట చేరినప్పుడు వాటిని కాపాడడం పెద్ద బాధ్యత అవుతుంది.

మొదటి తరం

భారత ప్రభుత్వంలో ఈ వృత్తికి బాట వేసినవారిలో ముందుగా చెప్పుకొనవలసిన వ్యక్తి నరసింహయ్య శేషగిరి (1940–2013). ఆయన పాలనాధికారి కాదు, శాస్త్రవేత్త. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌లో పనిచేసి, తరువాత ఎలక్ట్రానిక్స్ కమిషనులో చేరారు. 1976లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆర్థిక సహాయంతో ఏర్పడిన జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రానికి ఆయన వ్యవస్థాపక అధిపతి. ప్రభుత్వ శాఖలు కంప్యూటరంటే బెదిరే రోజులవి. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల ఫలితాలను కంప్యూటర్ల ద్వారా అందించడం ఈ సంస్థకు దేశవ్యాప్తంగా గుర్తింపు తెచ్చినది. 1984 నవంబరులో ప్రకటించిన కొత్త కంప్యూటరు విధానం రూపకల్పనలోను శేషగిరికి ప్రధాన పాత్ర ఉన్నది.

ఆయన కాలంలోనే నిక్‌నెట్ అనే ఉపగ్రహ ఆధారిత నెట్‌వర్కు ద్వారా ఢిల్లీని రాష్ట్ర రాజధానులతోను, జిల్లా కేంద్రాలతోను కలిపే పని జరిగినది. టెలిఫోను లైను కూడా సరిగా పనిచేయని జిల్లాలలో ఇది సాధ్యమయినది. జిల్లా కలెక్టరు కార్యాలయంలో ఎన్.ఐ.సి. అధికారి ఒకరు ఉండే పద్ధతి కూడా అప్పుడే స్థిరపడి, నేటికీ కొనసాగుచున్నది. శేషగిరికి 2005లో పద్మభూషణ్ పురస్కారం లభించినది.

1998 మే నెలలో కేంద్ర ప్రభుత్వం నియమించిన జాతీయ సమాచార సాంకేతిక కార్యదళానికి కూడా శేషగిరి సమావేశకర్తగా వ్యవహరించారు. దీనికి జస్వంత్ సింగ్ అధ్యక్షుడు కాగా, అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు, శాస్త్రవేత్త ఎం.జి.కె. మీనన్ సహాధ్యక్షులు.

శేషగిరి వృత్తి జీవితం తరువాతివారి జీవితాలకు భిన్నమైనది. ఆయన ఒకే సంస్థను రెండు దశాబ్దాలకు పైగా నడిపించారు. సంస్థ సిబ్బందిని ఎంపిక చేయడం, వారికి శిక్షణ ఇవ్వడం, జిల్లాల వరకు విస్తరించడం అన్నీ ఒకే దృష్టితో జరిగినవి. అటువంటి అవకాశం తరువాతి తరంలో చాలా కొద్దిమందికే లభించినది.

ఆంధ్రప్రదేశ్ అనుభవం

1990ల రెండవ భాగంలో సమాచార సాంకేతికతను పాలనలో విరివిగా వాడిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇక్కడ సారథులు ఎక్కువగా ఐ.ఎ.ఎస్. అధికారులు. వారిలో ఇద్దరి వృత్తి జీవితాలు ప్రత్యేకంగా చెప్పుకొనదగినవి.

కార్డ్, జె. సత్యనారాయణ

1977 బ్యాచికి చెందిన ఐ.ఎ.ఎస్. అధికారి జె. సత్యనారాయణ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ అధిపతిగా ఉన్నప్పుడు కార్డ్ అనే పథకాన్ని నడిపించారు. అంతకు ముందు భూమి కొన్నవారు దస్తావేజు రిజిస్ట్రేషను కొరకు రోజుల తరబడి సబ్ రిజిస్ట్రారు కార్యాలయం చుట్టూ తిరగవలసి వచ్చేది. భూమి విలువ ఎంత, స్టాంపు సుంకం ఎంత అన్నది కొనుగోలుదారుకు తెలిసేది కాదు. దస్తావేజు లేఖరి చెప్పినదే లెక్క. రిజిస్టరైన ప్రతి దస్తావేజును గుమాస్తాలు పెద్ద పుస్తకాలలో చేతితో నకలు వ్రాసేవారు. ఆస్తిపై తాకట్టు వంటి భారాలేమైనా ఉన్నవా అని తెలిపే ఈసీ కావాలంటే ఆ పుస్తకాలను సంవత్సరాల వారీగా తిరగేయవలసి వచ్చేది.

1998 నవంబరు 4న రాష్ట్రంలోని 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో కార్డ్ ఒకేసారి ప్రారంభమైనది. రిజిస్ట్రేషను సుమారు ఒక గంటలోను, ఈసీ కొద్ది నిమిషాలలోను లభించసాగినవి. ఒకటి రెండు కార్యాలయాలలో ప్రయోగం చేసి వదిలివేయకుండా వందల కార్యాలయాలలో ఒకే రోజున మొదలుపెట్టడం ఈ పథకంలోని విశేషం. దీని కొరకు వేలాది ఉద్యోగులకు ముందుగానే శిక్షణ ఇవ్వడం, పాత సూచికలను కంప్యూటరులోనికి ఎక్కించడం, చట్ట సవరణలు చేయించడం అవసరమయినవి.

ఇందులో లోపాలు లేకపోలేదు. రిజిస్ట్రేషను వేగం పెరిగినప్పటికీ మధ్యవర్తుల ప్రమేయం, లంచాలు పూర్తిగా పోలేదని తరువాత జరిగిన అధ్యయనాలు చూపినవి. కంప్యూటరు పనిని వేగవంతం చేయగలదు కాని, అధికారి విచక్షణకు వదిలిన చోట్లను దానంతట అది తొలగించలేదన్నది ఈ అనుభవం నుండి గ్రహించదగిన విషయం.

సత్యనారాయణ తరువాత రాష్ట్ర సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శిగాను, 2002లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ స్మార్ట్ గవర్నమెంట్ ముఖ్య కార్యనిర్వహణాధికారిగాను పనిచేశారు. తన అనుభవాలను ఆధారం చేసుకొని 2004లో ఈ-గవర్నమెంటుపై ఒక ఆంగ్ల గ్రంథాన్ని ప్రచురించారు. 2012 నుండి 2014 వరకు కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శిగా ఉన్నారు. పదవీ విరమణ తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సలహాదారుగా పనిచేశారు. 2016లో ఆధార్ ప్రాధికార సంస్థకు పార్ట్‌టైమ్ ఛైర్మన్‌గా నియమితులయ్యారు. 2019లో వెలువడిన జాతీయ డిజిటల్ ఆరోగ్య ప్రణాళికను రూపొందించిన సంఘానికి అధ్యక్షత వహించారు.

ఆర్. చంద్రశేఖర్

1975 బ్యాచికి చెందిన ఆర్. చంద్రశేఖర్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు మొట్టమొదటి సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శి. రాష్ట్రంలో ఆ శాఖకు రూపురేఖలు దిద్దిన తరువాత కేంద్ర ప్రభుత్వానికి వెళ్ళి, జాతీయ ఈ-పాలన ప్రణాళిక రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించారు. 2006 మే 18న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ ప్రణాళికలో మొదట 27 పథకాలు ఉండేవి. రాష్ట్రవ్యాప్త నెట్‌వర్కులు, రాష్ట్ర డేటా కేంద్రాలు, గ్రామాలలో ఉమ్మడి సేవా కేంద్రాలు ఈ ప్రణాళిక ద్వారానే దేశమంతటా వచ్చినవి. ఆయన తరువాత కేంద్ర సమాచార సాంకేతిక శాఖ కార్యదర్శిగాను, టెలికాం శాఖ కార్యదర్శిగాను పనిచేసి 2013లో పదవీ విరమణ చేశారు. 2014 నుండి 2018 వరకు సాఫ్ట్‌వేరు సంస్థల సంఘమైన నాస్కాంకు అధ్యక్షునిగా ఉన్నారు.

ఈ ఇద్దరి జీవితాలలోను ఒక పోలిక కనిపిస్తుంది. ఒక రాష్ట్రంలో, ఒక శాఖలో కౌంటరు వద్ద నేర్చుకొన్న పాఠాలను వారు జాతీయ స్థాయికి తీసికొనివెళ్ళారు.

ఈ-సేవ నుండి మీ-సేవ వరకు

హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో 1999 డిసెంబరులో ట్విన్స్ అనే ప్రయోగం మొదలైనది. కరెంటు, నీటి, టెలిఫోను బిల్లులు ఒకే కౌంటరులో చెల్లించే సౌకర్యం దీని ద్వారా కలిగినది. 2001 ఆగస్టులో ఇది ఈ-సేవగా విస్తరించినది. కేంద్రాల నిర్వహణలో ప్రైవేటు సంస్థలకు భాగస్వామ్యం ఇచ్చి, ఒక్కొక్క లావాదేవీకి ఇంత అని రుసుము చెల్లించేవారు. 2004లో రాష్ట్రంలో ప్రభుత్వం మారినప్పటికీ ఈ-సేవ ఆగిపోలేదు. 2011 నవంబరులో డిజిటల్ సంతకాలతో కూడిన ధ్రువపత్రాలను అందించే మీ-సేవ ప్రారంభమైనది. 2014లో రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ మీ-సేవను కొనసాగించినవి.

కర్ణాటకలో భూమి పథకం

పొరుగున ఉన్న కర్ణాటకలో ఐ.ఎ.ఎస్. అధికారి రాజీవ్ చావ్లా నాయకత్వంలో భూమి రికార్డుల కంప్యూటరీకరణ జరిగినది. భూమి అనే పేరుతోనే పిలువబడిన ఈ పథకంలో సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల రికార్డులను కంప్యూటరులోనికి ఎక్కించి, 177 తాలూకా కేంద్రాలలో కౌంటర్లు తెరిచారు. మొదటి సంవత్సరాలలో 15 రూపాయలు చెల్లించిన ఎవరైనా రికార్డు నకలు పొందగలిగేవారు. గ్రామ లెక్కాధికారి చేతితో వ్రాసి ఇచ్చే నకలు ఇకమీదట చెల్లదని ప్రభుత్వం ప్రకటించినది. హక్కుల మార్పిడి దరఖాస్తులను వచ్చిన వరుసలోనే పరిష్కరించే విధంగా సాఫ్ట్‌వేరును తయారుచేశారు. ఏ అధికారి ఏ మార్పు చేశారో తెలియడానికి వేలిముద్రతో లోనికి ప్రవేశించే పద్ధతి పెట్టారు.

చేతివ్రాత నకలును రద్దుచేయడం ఇందులో కీలకమైన నిర్ణయం. పాత పద్ధతి, కొత్త పద్ధతి పక్కపక్కన నడిచినంతకాలం సిబ్బంది పాతదానివైపే మొగ్గుచూపుతారు. చావ్లా సుదీర్ఘకాలం ఈ రంగంలోనే కొనసాగి, తరువాత రాష్ట్ర ఈ-పాలన శాఖ అదనపు ప్రధాన కార్యదర్శి అయ్యారు. పదవీ విరమణ తరువాత కేంద్ర వ్యవసాయ శాఖలో రైతుల డిజిటల్ రికార్డుల పనికి సలహాదారుగా చేరారు.

పరిశ్రమ నుండి వచ్చినవారు

శాస్త్రవేత్తలు, పాలనాధికారులు కాక మూడవ మార్గంలో వచ్చినవారు ప్రైవేటు పరిశ్రమ నుండి నేరుగా ప్రభుత్వంలో చేరినవారు. వీరిలో ప్రసిద్ధుడు నందన్ నీలేకని. ఇన్ఫోసిస్ సంస్థాపకులలో ఒకరైన ఆయన 2009లో కేంద్రమంత్రి హోదాతో భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థకు ఛైర్మన్ అయ్యారు. మొదటి ఆధార్ సంఖ్యను 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా తెంభ్లి గ్రామంలో జారీచేశారు. 2014 మార్చిలో ఆయన ఆ పదవిని వదిలి, లోక్‌సభ ఎన్నికలలో కాంగ్రెసు అభ్యర్థిగా బెంగళూరు దక్షిణ నియోజకవర్గం నుండి పోటీచేసి ఓడిపోయారు.

ఆ సంస్థలో నీలేకనితో కలిసి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసినవారు రామ్ సేవక్ శర్మ. ఆయన 1978 బ్యాచికి చెందిన జార్ఖండ్ క్యాడరు ఐ.ఎ.ఎస్. అధికారి. కాన్పూరు ఐ.ఐ.టి.లో గణితం చదివి, ఉద్యోగంలో ఉండగానే అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కంప్యూటరు సైన్సులో పట్టా పొందారు. తరువాత టెలికాం నియంత్రణ సంస్థ ఛైర్మన్‌గాను, 2021లో జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ అధిపతిగాను పనిచేశారు. కోవిడ్ టీకాల నమోదుకు ఉపయోగించిన కోవిన్ వ్యవస్థ బాధ్యత ఆ సమయంలో ఆయనదే. బయటి నిపుణుడు, ప్రభుత్వ పద్ధతులు తెలిసిన అధికారి కలిసి పనిచేయడం ఆధార్ పథకపు వేగానికి ఒక కారణం.

అయితే ఇక్కడ మరొక పాఠం కూడా ఉన్నది. ఆధార్ సంస్థ 2009లో కేవలం కార్యనిర్వాహక ఉత్తర్వు ద్వారా ఏర్పడినది. దానికి పార్లమెంటు చట్టం 2016లో గాని రాలేదు. అప్పటికి కోట్లాది మంది నమోదు జరిగిపోయినది. వ్యక్తిగత గోప్యతపై దాఖలైన వ్యాజ్యాలలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న చట్టాన్ని చాలావరకు సమర్థిస్తూనే, ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను కోరడానికి వీలు కల్పించిన నిబంధనను కొట్టివేసినది. సాంకేతిక వ్యవస్థ ముందు నడిచి చట్టం వెనుక నడిచినప్పుడు వచ్చే చిక్కులకు ఇది ఉదాహరణ.

అమెరికాలో పరిస్థితి

చట్టం ద్వారా ఈ పదవిని ఏర్పరచిన అమెరికాతో పోల్చి చూస్తే భారతదేశపు పరిస్థితి మరింత స్పష్టమవుతుంది. అక్కడి కేంద్ర ప్రభుత్వం మొత్తానికి మొదటి చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసరుగా 2009 మార్చిలో నియమితుడైన వ్యక్తి ఢిల్లీలో జన్మించిన వివేక్ కుంద్రా. అంతకు ముందు ఆయన వాషింగ్టన్ నగర ప్రభుత్వంలో ముఖ్య సాంకేతికాధికారిగా పనిచేశారు. ఏ శాఖ ఏ పథకంపై ఎంత ఖర్చుచేస్తున్నదో, ఎంత ఆలస్యమైనదో ప్రజలందరూ చూడగలిగే విధంగా ఒక వెబ్‌సైటును 2009 జూన్‌లో ప్రారంభించారు. 2011 ఆగస్టులో పదవి వదిలి, మరుసటి సంవత్సరం సేల్స్‌ఫోర్స్ సంస్థలో చేరారు. ఆయన తరువాత స్టీవెన్ వాన్‌రోకెల్, టోనీ స్కాట్, సుజెట్ కెంట్, క్లేర్ మార్టొరానా వరుసగా ఆ పదవి నిర్వహించారు. 2009 నుండి 2025 జనవరి వరకు అయిదుగురు మారినారు. వీరిలో ఇంచుమించు నాలుగు సంవత్సరాలు ఉన్నది మార్టొరానా మాత్రమే.

సారథి లేకపోతే ఏమి జరుగుతుందో కూడా అమెరికా అనుభవం చూపినది. ఆరోగ్య బీమా కొరకు 2013 అక్టోబరు 1న ప్రారంభించిన హెల్త్‌కేర్.గవ్ వెబ్‌సైటు మొదటి రోజే కుప్పకూలినది. ఆ రోజు బీమాలో చేరగలిగినవారు ఆరుగురు మాత్రమే. పథకం మొత్తానికి బాధ్యత వహించే ఒక నాయకుడు లేకపోవడం ముఖ్య లోపమని తరువాత విచారణలో తేలినది. పరిశ్రమ నుండి నిపుణులను పిలిపించి దానిని బాగుచేయించిన అనుభవంతో 2014 ఆగస్టులో యు.ఎస్. డిజిటల్ సర్వీస్ అనే విభాగం ఏర్పడినది. 2015లో అమెరికా సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుండి సుమారు 2.15 కోట్ల మంది వివరాలు దొంగిలింపబడినట్లు బయటపడినప్పుడు ఆ సంస్థ అధిపతి, తరువాత దాని చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసరు కూడా పదవులు వదులుకొన్నారు.

పదవీకాలం సమస్య

అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2004లో వెలువరించిన నివేదిక ప్రకారం అక్కడి శాఖలలో ఈ అధికారులు సగటున సుమారు 2 సంవత్సరాలు మాత్రమే పదవిలో ఉన్నారు. పని ఫలించడానికి 3 నుండి 5 సంవత్సరాలు పడుతుందని ఆ అధికారులే చెప్పారు. అనగా చాలామంది, వేసిన విత్తనం మొలకెత్తేలోగానే వెళ్ళిపోతున్నారన్నమాట.

భారతదేశంలో అక్కడివలె పరిశ్రమకు వెళ్ళిపోవడం కంటె తరచు జరిగే బదిలీలు పెద్ద సమస్య. ఒక పథకానికి టెండరు పిలిచిన అధికారి ఒకరు, ఒప్పందం చేసుకొన్నవారు మరొకరు, సాఫ్ట్‌వేరు అందుకొన్నవారు ఇంకొకరు కావడం సామాన్యం. కొత్తగా వచ్చిన అధికారికి పాత పథకం వివరాలు తెలిసేసరికి ఆయనకూ బదిలీ ఉత్తర్వు వస్తుంది. 2013 అక్టోబరు 31న టి.ఎస్.ఆర్. సుబ్రహ్మణ్యం తదితరుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు సివిల్ సర్వీసు అధికారులకు కనీస పదవీకాలం నిర్ణయించాలని ఆదేశించినది. 2014 జనవరిలో సవరించిన నిబంధనల ప్రకారం ఐ.ఎ.ఎస్. అధికారులకు క్యాడరు పోస్టులలో కనీస పదవీకాలం 2 సంవత్సరాలు. ఈ నియమం పూర్తిగా అమలైనప్పటికీ, సమాచార వ్యవస్థలు స్థిరపడడానికి అవసరమైన కాలంకంటె అది తక్కువే.

సారథి వెళ్ళిన తరువాత

మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 2000 జనవరి 1న జ్ఞానదూత్ అనే పథకం మొదలైనది. గ్రామాలలోని కంప్యూటరు కేంద్రాల నుండి రైతులు మార్కెట్టు ధరలు తెలుసుకొనడం, ధ్రువపత్రాలకు దరఖాస్తు చేయడం, ఫిర్యాదులు పంపడం దీని ఉద్దేశ్యం. అదే సంవత్సరం దీనికి అంతర్జాతీయ ఖ్యాతి గల స్టాక్‌హోం ఛాలెంజ్ పురస్కారం లభించినది. కాని కొద్ది సంవత్సరాలలోనే కేంద్రాలకు వచ్చేవారి సంఖ్య బాగా తగ్గిపోయినది. విద్యుత్తు, టెలిఫోను లైన్లు సరిగా లేకపోవడంతో పాటు, ఈ పథకం జిల్లా యంత్రాంగం చూపే శ్రద్ధపై అధికంగా ఆధారపడడం కూడా దీనికి కారణం. దరఖాస్తు కంప్యూటరు ద్వారా వెళ్ళినా, దానిని పరిష్కరించే కార్యాలయంలో పని పాతపద్ధతిలోనే జరుగుతుండేది.

దీనితో ఈ-సేవను పోల్చి చూడవచ్చును. ఈ-సేవకు ప్రత్యేక విభాగం, ప్రతి లావాదేవీపై ఆదాయం, ప్రైవేటు భాగస్వాములతో వ్రాతపూర్వక ఒప్పందాలు ఉండేవి. ప్రతి నెలా లక్షలాది మంది బిల్లులు చెల్లించే అలవాటు ఏర్పడినది. కనుక అధికారులు మారినా, ప్రభుత్వం మారినా దానిని ఆపివేయడం ఎవరికీ సాధ్యమయ్యే పని కాకపోయినది.

తెలంగాణలో భూమి రికార్డుల చరిత్ర వేరొక విషయాన్ని తెలుపుతుంది. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్ ద్వారా వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను, హక్కుల మార్పిడి ఒకేచోట జరిగేవి. రికార్డులలోని తప్పులను సరిదిద్దుకొనే మార్గాలు తగినంతగా లేవని రైతుల నుండి ఫిర్యాదులు వచ్చినవి. 2023 చివరలో ప్రభుత్వం మారిన తరువాత కొత్త చట్టం తెచ్చి, 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి పోర్టల్‌ను ప్రారంభించారు. కంప్యూటరులో తప్పుగా ఎక్కిన ఒక్క సర్వే నంబరు వలన ఒక కుటుంబానికి బ్యాంకు రుణం, పంట సాయం, అమ్ముకొనే హక్కు అన్నీ ఆగిపోగలవు. అందువలన తప్పును ఎవరు, ఎక్కడ, ఎన్నిరోజులలో సరిచేస్తారన్నది వ్యవస్థను రూపొందించే సారథి మొదటిరోజునే ఆలోచించవలసిన విషయం.

పదవీ విరమణ తరువాత

ప్రభుత్వంలో గడించిన అనుభవానికి పరిశ్రమలో విలువ ఎక్కువ. అందుచేత పదవీ విరమణ చేసిన అధికారులు కంపెనీలలోను, పరిశ్రమ సంఘాలలోను, ప్రపంచ బ్యాంకు వంటి సంస్థలలోను చేరడం జరుగుతున్నది. దీని వలన అనుభవం వృథా కాదు. అయితే నిన్నటివరకు టెండర్లు నిర్ణయించిన అధికారి నేడు టెండరు వేసే కంపెనీలో కూర్చుంటే అనుమానాలకు తావు కలుగుతుంది. ఈ కారణంగా అఖిల భారత సర్వీసుల అధికారులు విరమణ తరువాత కొంతకాలం వరకు ప్రభుత్వ అనుమతి లేకుండా వాణిజ్య ఉద్యోగంలో చేరరాదని నిబంధన ఉన్నది. పూర్వం 2 సంవత్సరాలుగా ఉన్న ఈ గడువును తరువాత ఒక సంవత్సరానికి తగ్గించారు.

ఈ వృత్తిలోనికి మార్గాలు

విద్యార్థులకు ఈ రంగంలో ముఖ్యంగా మూడు మార్గాలు ఉన్నవి.

* సాంకేతిక మార్గం: ఇంజనీరింగు, కంప్యూటరు సైన్సు, ఎం.సి.ఏ. వంటి చదువులతో ఎన్.ఐ.సి.లో శాస్త్రవేత్తగా చేరి, క్రమంగా జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి పదవులకు ఎదగవచ్చును. ఎలక్ట్రానిక్స్ శాఖ నుండి వచ్చి, కంప్యూటరు అత్యవసర స్పందన సంస్థను నడిపి, 2015లో దేశపు మొదటి జాతీయ సైబర్ భద్రతా సమన్వయకర్త అయిన గుల్షన్ రాయ్ ఈ మార్గానికి ఉదాహరణ.
* పాలనా మార్గం: సివిల్ సర్వీసుల ద్వారా ప్రవేశించినవారు జిల్లాలో, శాఖలో అనుభవం పొంది ఈ బాధ్యతలకు వస్తారు. వీరికి ఉత్తర్వులు జారీచేసే అధికారం ఉంటుంది. సాంకేతిక జ్ఞానాన్ని మాత్రం తామే శ్రమించి సంపాదించుకొనవలసి ఉంటుంది.
* పరిశ్రమ మార్గం: కంపెనీలలో అనుభవం గలవారు ఒప్పంద పద్ధతిలో గాని, నేరుగా నియామకం ద్వారా గాని కొంతకాలం ప్రభుత్వంలో పనిచేస్తారు. వీరికి కొత్త పద్ధతులు తెలుసు. ప్రభుత్వ నిబంధనలు, ఆడిట్, శాసనసభ ప్రశ్నలు వీరికి కొత్త.

మూడింటిలో ఏ ఒక్కటీ తనంతట తాను చాలదు. శాస్త్రవేత్తకు అధికారం తక్కువ, పాలనాధికారికి సమయం తక్కువ, బయటినుండి వచ్చినవారికి శాఖలో బలం తక్కువ. పైన చెప్పిన విజయాలన్నిటిలోను ఈ మూడు రకాలవారిలో కనీసం ఇద్దరు కలిసి పనిచేయడం గమనించవచ్చును.

నిలిచే వ్యవస్థల లక్షణాలు

పై అనుభవాలను బట్టి, సారథి మారినా నిలిచిన వ్యవస్థలలో కొన్ని లక్షణాలు ఉమ్మడిగా కనిపిస్తాయి.

* వాటి వెనుక చట్టం లేదా స్పష్టమైన నిబంధన ఉన్నది.
* పాత పద్ధతిని రద్దుచేసినారు.
* నిర్వహణ ఖర్చుకు స్థిరమైన ఆదాయం లేదా బడ్జెటు ఏర్పాటు ఉన్నది.
* సాఫ్ట్‌వేరు తీరుతెన్నులు ఏ ఒక్క వ్యక్తి తలలోనో, ఏ ఒక్క కంపెనీ చేతిలోనో ఉండిపోకుండా వ్రాతపూర్వకంగా శాఖ వద్ద ఉన్నవి.
* క్రింది స్థాయి సిబ్బందికి శిక్షణ ఇచ్చినారు.
* తప్పులను సరిదిద్దే మార్గం సామాన్యునికి అందుబాటులో ఉన్నది.

రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 2008 డిసెంబరులో సమర్పించిన తన 11వ నివేదికను పూర్తిగా ఈ-పాలనకే కేటాయించినది. కంప్యూటరీకరణకు ముందు పని పద్ధతులను సంస్కరించుకొనాలని ఆ నివేదిక సిఫారసు చేసినది. శేషగిరి కాలంలో జిల్లా కార్యాలయంలో అడుగుపెట్టిన ఎన్.ఐ.సి. అధికారి నేటికీ అక్కడ ఉన్నారు. కార్డ్ ద్వారా మొదలైన కంప్యూటరు రిజిస్ట్రేషను, మారిన సాఫ్ట్‌వేర్లతో, రెండు తెలుగు రాష్ట్రాలలోను కొనసాగుచున్నది. ఈసీ తీసుకొనడానికి వచ్చిన వ్యక్తికి ఆ పద్ధతిని ప్రవేశపెట్టిన అధికారి పేరు తెలియవలసిన అవసరం లేదు. ఆ కాగితం సరైనదిగా, సకాలంలో అందితే చాలును.